కొల్లేట్లో రెండు సైకిళ్లు

మా అమ్మాయీ అల్లుడూ గ్లాస్గోలో ఉంటారు. కిందటేడాది ఓ శనివారం సాయంత్రం ఫోన్లో ఒక ఫొటో పంపించారు. వెనకాల మబ్బులు దిగిన కొండలు, వాటి కింద నల్లగా నిలిచిన నీళ్లు, ముందు రెండు సైకిళ్లు, వాటికి ఆనుకుని వీళ్లిద్దరూ. ‘ఇది లాక్ కాట్రిన్ అమ్మా. స్కాట్లండ్‌లో సరస్సుని లాక్ అంటారు. గట్టు వెంట ఇరవై కిలోమీటర్ల పైచిలుకు రోడ్డుంది. దానిమీదికి మామూలు జనం కార్లు రావు. సైకిళ్లు అద్దెకిస్తారు. తొక్కుకుంటూ ఆ చివరికి వెళ్లి, అలిసిపోతే ఓడెక్కి వెనక్కి వచ్చేయొచ్చు’ అని ఒకటే చెప్పింది. 1859 నుంచి గ్లాస్గో నగరం తాగే నీళ్లు ఆ సరస్సువేనట. అంతా చెప్పి, పెట్టేసేముందు ‘నువ్వూ నాన్నా ఎప్పుడైనా ఇలా ఇద్దరే ఎక్కడికైనా వెళ్లారా?’ అని అడిగింది.

ఆలోచించాను. 29 ఏళ్ల సంసారంలో తిరుపతి వెళ్లాం, షిర్డీ వెళ్లాం, అన్నవరం లెక్కలేనన్నిసార్లు వెళ్లాం. ప్రతిసారీ వెంట మా అత్తగారో, పిల్లలో, ఆఖరికి పక్కింటివాళ్లో ఉన్నారు. ఇద్దరమే వెళ్లింది ఆస్పత్రులకు తప్ప మరెక్కడికీ గుర్తు రాలేదు!

ఆ రాత్రి భోజనాల దగ్గర మావారు ఉన్నట్టుండి ‘కొల్లేరు వెళదామా... సైకిళ్ల మీద?’ అన్నారు.

నాకు రెండు రకాలుగా ఆశ్చర్యం. యాభై దాటాక నేను సైకిలెక్కడం ఒకటి. రెండోది, 2006 తర్వాత మా ఇంట్లో కొల్లేరు మాట పెద్దగా వినిపించదు. మావారిది ఏలూరు, పవర్‌పేట. వాళ్ల అమ్మమ్మగారిది కొల్లేట్లో ఓ లంక గ్రామం. సెలవులన్నీ అక్కడే గడిచాయి. వాళ్ల మేనమామ తన పొలాన్ని తొంభైల్లో చేపల చెరువు చేసుకున్నారు. 2006లో సరస్సులోని చెరువు గట్లను ప్రభుత్వం తెగ్గొట్టించినప్పుడు అదీ పోయింది. హైదరాబాద్‌లో టీవీ ముందు కూర్చుని ఆ దృశ్యాలు చూస్తూ నేను ‘మంచి పని చేశారు, ఇకనైనా సరస్సు బతుకుతుంది, పక్షులొస్తాయి’ అన్నాను. ఆయన లేచి టీవీ కట్టేశారు. అంతే. దాని గురించి మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇన్నేళ్ల తర్వాత ఆయనే అడిగితే కాదంటానా! సంక్రాంతి వెళ్లిన వారం, శని ఆదివారాలు కలిసొచ్చేలా బయలుదేరాం.

గూడెం రన్‌వే మీద...

నా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. ఆ ఊరి గురించి బయటివాళ్లకు తెలిసినవి రెండే... ఉల్లిపాయల మార్కెట్టు, పకోడీ. మాకు మాత్రం మూడోది ఉంది, రన్‌వే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిషువాళ్లు విమానాల కోసం వేసిన కాంక్రీటు బాట అది. మా చిన్నప్పుడు దానిమీద విమానాలు దిగగా ఎవరూ చూడలేదుగానీ గూడెంలో సగంమంది పిల్లలు సైకిలు, ఆ తర్వాత స్కూటరు నేర్చుకున్నది అక్కడే. నేనూ అంతే. మా అన్నయ్య సీటు పట్టుకుని వెనకాల పరుగెత్తేవాడు. ఓ సాయంత్రం తిరిగి చూస్తే వెనకాల లేడు. ఎక్కడో ఫర్లాంగు దూరంలో నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. వాణ్ని చూసిన మరుక్షణం పడ్డాననుకోండి!

శుక్రవారం సాయంత్రం అదే చోట మళ్లీ ఎక్కాను. మా అన్నయ్య వాళ్ల అటక మీద నా పాత లేడీస్ సైకిలు ఇంకా ఉంది. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు మార్పించి, గొలుసుకు నూనె రాయించి సిద్ధంగా పెట్టాడు. మావారికి మా మేనల్లుడి గేర్ల సైకిలు. వదిన గుమ్మంలో నిలబడి ‘కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకోకండమ్మా’ అని దీవించింది. మొదటి పది నిమిషాలు హ్యాండిల్ నా మాట వినలేదు. తర్వాత ఎప్పుడు కుదిరిందో తెలీదు, కుదిరింది. చాలా ఏళ్ల తర్వాత సైకిలెక్కేవాళ్లకు నేను చెప్పగలిగిన కిటుకు ఒక్కటే. సీటు బాగా కిందికి దించుకోండి, కూర్చుంటే రెండు కాళ్లూ నేలకు ఆనేలా. భయం పోయాక పైకి జరుపుకోవచ్చు.

ఆ రాత్రి పకోడీలు కాస్త ఎక్కువే తిన్నాం. దాని సంగతి వద్దులెండి.

గూడెం నుంచి నిడమర్రు మీదుగా వెళ్లినా కొల్లేటి తూర్పు అంచు వచ్చేస్తుంది. బస్సులో గంట దూరం కూడా లేని ఆ సరస్సును పెళ్లయ్యేవరకూ నేను చూడనే లేదు. ఇంట్లో ఎవరికీ చూపించాలని తోచలేదు. అక్కడేముంది, నీళ్లేగా అనేవాళ్లు. మావారు మాత్రం ఏలూరు వైపు నుంచే వెళ్దామని పట్టుబట్టారు, చిన్నప్పుడు ఆయన వెళ్లిన దారి అదే కాబట్టి. రెండు సైకిళ్లనూ ట్రాలీ ఆటోలో వేయించి తెల్లవారుజామున ఏలూరు చేరుకున్నాం.

సరస్సు ఎక్కడండీ?

ఏలూరు నీళ్ల ఊరు. విజయవాడ నుంచి కృష్ణ నీళ్లతో వచ్చే కాలువ, విజ్జేశ్వరం నుంచి గోదావరి నీళ్లతో వచ్చే కాలువ కలిసేది ఇక్కడే. మధ్యలో తమ్మిలేరు రెండు పాయలై ఊరిని చుట్టి కొల్లేట్లోకి దిగుతుంది. తివాచీలకు పేరున్న ఊరు కూడా. పన్నెండు కిలోమీటర్ల దూరంలోని పెదవేగి ఒకప్పటి వేంగి, శాలంకాయనుల రాజధాని. అవన్నీ మరోసారికి వాయిదా వేసుకుని ఆరింటికల్లా కైకలూరు రోడ్డెక్కాం.

కైకలూరు పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ అంకె విని నేను ముందు బెదిరిపోయాను. కానీ కొల్లేటి సీమలో సైకిలు తొక్కడమంత తేలిక మరోటి లేదని అరగంటలో తెలిసిపోయింది. దారి పొడవునా ఒక్క ఎత్తు లేదు, ఒక్క పల్లం లేదు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ సముద్రమట్టానికి కాస్త పైన ఉన్న పళ్లెం ఇది. మా అమ్మాయి లాక్ కాట్రిన్ దగ్గర కొన్నిచోట్ల దిగి సైకిలు తోసుకుంటూ నడిచిందట. మాకా అవసరమే రాలేదు. ఇక్కడ కొండ ఉండదు, గాలే కొండ. చలికాలం పొద్దుటిపూట వెనకనుంచి ఉత్తరపు గాలి తోస్తుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం మీది గాలి ఎదురొస్తుంది. అప్పుడు సమతలం మీద కూడా ఘాట్ రోడ్డెక్కినట్టే ఉంటుంది. అందుకే పదింటిలోపు తొక్కడం పూర్తిచేసి, మళ్లీ నాలుగు దాటాకే కదలాలని ఏర్పాటు చేసుకున్నాం. ఇంకో శత్రువు చేపల లారీ. ఐసు కరిగిన నీళ్లు కారుస్తూ, హారన్ మోగిస్తూ పక్కనుంచి పోతుంటే ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాలి. ఇదీ కార్లు రాని స్కాట్లండ్ దారి కాదు. ఒకరి వెనక ఒకరుగా, రోడ్డు అంచున వెళ్లడమే క్షేమం. చీర వద్దు, చున్నీ అసలే వద్దు.

గంట తొక్కాక నాకో అనుమానం వచ్చింది. రెండు పక్కలా నీళ్లే. కానీ అన్నీ గళ్లు గళ్లుగా, గట్లు కట్టిన చెరువులు. నీళ్ల మధ్య కర్రలు పాతి, చిల్లులు పొడిచిన సంచులు వేలాడదీశారు. తవుడూ చెక్కా నింపిన మేత సంచులట అవి. కట్ల, శీలావతి చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. కొంగలు వాలకుండా పైన తీగలు లాగారు. ఎక్కడో టపాకాయ పేలింది, అదీ పక్షుల్ని బెదరగొట్టడానికే.

‘ఏవండీ, సరస్సు ఎక్కడ?’ అన్నాను.

‘అందులోనే ఉన్నాం’ అన్నారాయన.

కొల్లేరు సంగతే అది. మిగతా సరస్సుల్లా దీనికొక ఒడ్డు, ఆ ఒడ్డున నిలబడి చూస్తే అవతలి ఒడ్డు... అలా ఉండదు. లోతు మహా అయితే మనిషి లోతు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే 60 కిలోమీటర్లు పోయి సముద్రంలో పోస్తుంది. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు బయటపడిన నేల మీద మనిషి ఆశపడ్డాడు. ముందు వరి వేశాడు. 1970ల్లో ప్రభుత్వమే లంక గ్రామాల మత్స్యకార సంఘాలకు చేపల చెరువులు తవ్వుకోవడానికి భూములిచ్చింది. తర్వాతి ఇరవై ఏళ్లలో బయటి పెట్టుబడులు వచ్చి సరస్సు మొత్తం గళ్ల దుప్పటిలా తయారైంది. 1999లో అయిదో కాంటూరు వరకూ 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లు తెగాయి. ఆ తర్వాత కొన్ని మళ్లీ లేచాయి. ఆ తగువు ఇప్పటికీ తెమలలేదు. ఇదంతా పేపర్లో చదివితే లెక్కలు. సైకిలు మీద పోతుంటే ఒక్కో గట్టూ ఒక్కో ఇంటి అన్నం కంచంలా కనిపించింది. అదే సమయంలో, ఇన్ని కంచాలు పెడితే సరస్సుకి చోటెక్కడిదనీ అనిపించింది.

చిన్న ఎడ్లగాడి వంతెన దగ్గర చటుక్కున గట్లు పోయి నీళ్లు విప్పారాయి. అక్కడ దిగాం. కిక్కిస గడ్డి, తుంగ, గుర్రపుడెక్క ఊదాపూలు, మధ్యలో తెరిపిగా నీళ్లు. జంబుకోళ్లు ఎర్రటి కాళ్లతో ఆకుల మీద నడుస్తున్నాయి. బుడబుంగలు మునిగి ఎక్కడో తేలుతున్నాయి. దూరంగా నల్లటి చారలా పరజలు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద ఇక్కడికే వచ్చి చేరింది. అప్పుడు మేమొచ్చిన ఈ రోడ్డు మీద కూడా నీళ్లు పారి రాకపోకలు ఆగిపోయాయి. కొల్లేరు తన చోటు తనకింకా గుర్తుందని చెప్పడమే కదా అది!

వంతెన పక్కన ఒకావిడ తేగలు అమ్ముతోంది. కాల్చిన తేగ తింటూ, పీచు తీసుకుంటూ అరగంట కూర్చున్నాం. కారులో వస్తే ఆ వంతెన దాటడానికి పది సెకన్లు పట్టేదేమో.

గూడకొంగల కాపురం

కైకలూరులో లాడ్జిలో దిగి, తిని, పడుకుని, నాలుగింటికి ఆటపాక బయలుదేరాం. రెండు మూడు కిలోమీటర్లే. ఊరంతా కొంగల వాసన ముందు ఎదురొస్తుంది, తర్వాత గోల, తర్వాత కొంగలు.

నేనింతవరకూ గూడకొంగను దగ్గరగా చూడలేదు. రెక్కలు విప్పితే రెండు మీటర్ల పైనే ఉంటుంది. దిగేటప్పుడు మాత్రం బరువైన పెట్టె దించుతున్న కూలీలా తంటాలు పడుతుంది. చెరువు మధ్య చెట్లు చాలక అటవీశాఖవాళ్లు ఇనుప మంచెలు పాతారు. వాటిమీద అంతస్తులు అంతస్తులుగా గూళ్లు. అక్టోబరు నుంచి వేసవి మొదలయ్యేదాకా గుడ్లు, పిల్లలు, పెంపకం. మేం వెళ్లేసరికి చాలా గూళ్లలో పిల్లలున్నాయి. తల్లి ముక్కు సంచిలోకి పిల్ల తలంతా దూర్చేసి తింటుంటే, మింగేస్తోందేమోనని నేను కంగారుపడ్డాను. పక్కన ఎర్రకాళ్ల కొంగలు గులాబీ రంగు ఈకలు సర్దుకుంటూ హుందాగా ఉన్నాయి. నీటికాకులు రెక్కలు ఆరేసుకున్నాయి.

వీటికీ ఒక కథ ఉంది. 1946లో కేరళకు చెందిన పక్షి శాస్త్రవేత్త కె.కె.నీలకంఠన్ కొల్లేటి సీమలో గూడకొంగల గూళ్లు గుర్తించారు. అప్పట్లో అక్కడ దాదాపు మూడువేల పక్షులు గూళ్లు పెట్టాయట. 1975 ప్రాంతానికి ఆ కాలనీ ఖాళీ అయిపోయింది. కొంగల్లేని కొల్లేరుగా చాలా ఏళ్లుండి, మళ్లీ ఆటపాకలో కాపురం పెట్టాయి. ప్రపంచంలో వీటి పరిస్థితి కాస్త మెరుగుపడిందని 2007లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పు జాబితాలో వీటిని ఒక మెట్టు కిందికి దించింది. అంతా బాగానే ఉంది. అయితే ఇన్ని పిల్లలకు తిండి ఎక్కడిది? పొద్దున మేం చూసిన చేపల చెరువుల్లోదే చాలావరకు. టపాకాయ పేల్చే రైతూ, గూటిలో పిల్లా ఒకే చేప కోసం చూస్తున్నారన్నమాట.

ఆ మాట మావారితో అన్నాను. ఆయన గట్టు మీద గడ్డిపరక తుంచుతూ ‘మావయ్య గట్టు మీద పడుకుని రాత్రంతా కాపలా కాసేవాడు’ అన్నారు. 2006 తర్వాత ఆయన నోట మావయ్య చెరువు మాట రావడం అదే మొదలు.

పడవ షికారు నీటిమట్టాన్ని, గూళ్ల కాలాన్ని బట్టి ఉంటుంది. అక్కడే పక్షుల నమూనాలతో పర్యావరణ కేంద్రం ఉంది, పిల్లలుంటే తప్పక చూపించండి. కానీ అన్నిటికంటే బావుండేది సాయంత్రం అయిదు నుంచి ఆరు. చెరువుల మీదికి మేతకు వెళ్లిన కొంగలన్నీ వరసలు కట్టి ఇంటికొచ్చే సమయం అది. గట్టు మీద సైకిలు స్టాండు వేసి, ఒకే సీసాలో నీళ్లు తాగుతూ, చీకటి పడేదాకా లెక్కపెడుతూ కూర్చున్నాం. లెక్క కుదర్లేదు.

అమ్మవారి కోట, తుమ్మ ముల్లు

ఆదివారం పొద్దున్నే కొల్లేటికోట. కైకలూరు నుంచి ఆలపాడు మీదుగా పది పన్నెండు కిలోమీటర్లు. ఆలపాడు దాటి లోపలికి తిరిగాక ఈ యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన దారి మొదలైంది. లారీలు తగ్గాయి, మంచు ఇంకా విడలేదు. కాలువ వెంట లకుముకి పిట్ట తీగ మీంచి తీగ మీదికి మాతోబాటే వచ్చింది. పక్కపక్కనే తొక్కుతూ మాట్లాడుకునే వీలు దొరికిందక్కడ. ఏం మాట్లాడుకున్నామంటే... గ్యాసు సబ్సిడీ, మా చెల్లెలి కూతురి సంబంధం. అంతకంటే గొప్ప సంగతులేం లేవు. కానీ ఫోన్ చూసుకోకుండా మాట్లాడుకున్నాం.

కొల్లేటికోట ఒకప్పుడు దీవి. పెద్దింట్లమ్మ తల్లి గుడికి ఫాల్గుణ మాసంలో జాతర జరుగుతుంది. జనం అప్పట్లో పడవల మీదే వచ్చేవారు. ఈ కోట మీద ఒక కథ చెబుతారు. గజపతుల కోట చుట్టూ నీళ్లుండటంతో శత్రువులకు అది లొంగలేదట. ముట్టడికొచ్చిన సేనాని సరస్సును సముద్రంలోకి దించేయాలని ఉప్పుటేరు తవ్వించాడట, గెలుపు కోసం ఒక సేనాని కన్నకూతుర్నే బలిచ్చాడట. అందుకే దాన్ని పేరంటాల కనుమ అన్నారంటారు. కథలో నిజమెంతో గానీ, కొల్లేటిని ఖాళీ చేయాలన్న ఆలోచన ఈనాటిది కాదన్నమాట!

గుడి దగ్గర ఆదివారం జనం. మొక్కులవాళ్లు చెట్ల కింద పొయ్యిలు పెట్టి వండుకుంటున్నారు. దర్శనం చేసుకుని, కొబ్బరిముక్కలు నముల్తూ బయటికొచ్చి చూస్తే నా సైకిలు వెనక చక్రం నేలకు అంటుకుపోయి ఉంది. సర్కారు తుమ్మ ముల్లు. పంక్చరు దుకాణం కోసం కిలోమీటరు నడిపించాల్సి వచ్చింది. ఆ అబ్బాయి నీళ్ల తొట్టెలో ట్యూబు ముంచి బుడగలు చూపిస్తూ ‘ఒకటి కాదండీ, మూడు’ అన్నాడు. ఈ సీమకొచ్చేవాళ్లు అతుకులేసే సామాను, చిన్న పంపు వెంట ఉంచుకోవడం మంచిది. అలాగే ఎవర్నీ అడగకుండా చెరువు గట్ల మీదికి సైకిలు ఎక్కించకండి. కాపలావాళ్లు అనుమానంగా చూస్తారు. పైగా అది నల్లమట్టి. మంచుకు తడిసిందంటే టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య మెత్తి, చక్రం తిరగనివ్వదు. ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట. ఆ తర్వాతి నాలుగు కిలోమీటర్లలో మూడుసార్లు పుల్లతో గీకాను.

ఆ నాలుగు కిలోమీటర్లు మావారి అమ్మమ్మగారి ఊరికి.

మావయ్యగారి దోనె

మేం వస్తున్నట్టు ఆయన చెప్పలేదట. మావయ్యగారు అరుగు మీద వల అల్లుతున్నారు. 80 దాటాయి. మమ్మల్ని, సైకిళ్లను మార్చి మార్చి చూసి ‘అల్లుడూ, కారమ్మేశావా ఏవిట్రా?’ అన్నారు. అత్తయ్యగారు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి నా మోకాళ్ల మీది బురద చూసి నవ్వడం మొదలుపెట్టారు.

కొర్రమీను పులుసు, వేడి అన్నం. కొర్రమీను ఇప్పుడు సరస్సులో అరుదుగా దొరుకుతోందని, మట్టగిడసలూ ఇంగిలాయిలూ కూడా తగ్గాయని మావయ్యగారు చెప్పారు. చెరువులు లేని రోజుల్లో కొల్లేటి నీళ్లే కడవల్తో తెచ్చుకుని తాగేవాళ్లట. ఇప్పుడు గడప పక్కన నీళ్ల క్యాను ఉంది. చెరువు వేసిన తొలి అయిదేళ్లు డబ్బు కళ్లజూశారట. ఇల్లు డాబా అయింది. గట్టు తెగ్గొట్టాక కొడుకు హైదరాబాద్ వెళ్లి డ్రైవరు పనిలో చేరాడు. ‘గట్టు తీసేస్తే సరస్సు వస్తుందన్నారమ్మాయ్. నీళ్లొచ్చాయి. చేప రాలేదు. చేపకి నీళ్లొక్కటే చాలవు మరి’ అన్నారు. కోపంగా అనలేదు, వల ముడి వేస్తూ అన్నారు.

సాయంత్రం ఇంటి వెనక కాలువలో ఆయన దోనె ఉంటే దింపారు. తాటి మొద్దును తొలిచి చేసింది. ఇద్దరు కూర్చుంటే నీటికి జానెడు పైన ఉంటుంది అంచు. నేను ఎక్కనంటే ఎక్కనన్నాను. ‘నడిమధ్యన కూర్చుని కదలకు. పడ్డా మోకాటి లోతే, బురదే’ అని మావయ్యగారు అభయమిచ్చారు. మావారు వెనక నిలబడి గెడ పట్టుకున్నారు. ఆయన ఆఫీసు కుర్చీలో కూర్చోవడం, ట్రాఫిక్‌లో విసుక్కోవడం చూశానుగానీ, అలా నిలబడి గెడ వేయడం ఎప్పుడూ చూడలేదు. రెండు మూడు తోపుల్లో చేతులకు పాత అలవాటు వచ్చేసింది.

కాలువ దాటి తెరిపిలోకి వచ్చాం. అక్కడ నీళ్లలోంచి మట్టిదిబ్బలు వరసగా పైకి లేచి ఉన్నాయి, తుమ్మ మొక్కలు మొలిచి. వాటిమీద నత్తగుల్ల కొంగలు నిలబడి ఉన్నాయి.

‘ఇదే మావయ్య గట్టు’ అన్నారు మావారు.

కాసేపు గెడ చప్పుడు తప్ప ఏమీ లేదు. నేనే అన్నాను, ఆ రోజు టీవీ చూసి నోటికొచ్చింది అనేశానని.

‘నువ్వన్నది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. అదే రోజు పొద్దున మావయ్య ఫోన్ చేసి ఏడ్చాడు. నీకు చెప్పలేదు. చెబితే నువ్వూ ఏమీ అనలేకపోయేదానివి’ అన్నారాయన.

గట్టు చుట్టూ తిప్పుకుని వెనక్కి వచ్చాం. దోనెలో నీళ్లు ఊరుతుంటే కొబ్బరిచిప్పతో తోడుతూ కూర్చోవడం నా వంతు. పైనుంచి గూడకొంగలు అయిదు, ఆరు, మళ్లీ నాలుగు, ఆటపాక వైపు పోతూనే ఉన్నాయి.

చీకటి పడ్డాక మా మేనల్లుడు వ్యాను తెచ్చాడు. ఓపిక ఉన్నవాళ్లు కైకలూరులో గుడివాడ మీదుగా విజయవాడ వెళ్లే రైలెక్కొచ్చు. నా మోకాళ్లు అప్పటికే మాట వినడం మానేశాయి. రెండు రోజులకు కలిపి 50 కిలోమీటర్ల పైనే తొక్కామని మావారి లెక్క, నా లెక్కలో ఇంకా ఎక్కువే. వ్యానులోకి ఒక సైకిలే ఎక్కించాం. మావయ్యగారి మనవరాలు పొద్దుట్నుంచీ నా సైకిలు చుట్టూ తిరుగుతోంది. పదో తరగతి. బడికి మూడు కిలోమీటర్లు నడిచి వెళుతోందట. ‘వేసవి సెలవులకు వచ్చి తీసుకెళతాంలే, అప్పటిదాకా నువ్వు తొక్కుకో’ అని చెప్పాం. అప్పుడే బెల్లు మోగించేస్తూ వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది.

దారిలో అమ్మాయి ఫోన్. ‘ఎలా ఉందమ్మా మీ లాక్? ఓడ ఉందా?’

మావారు ఫోన్ లాక్కుని ‘ఉంది. కాస్త కారుతుంది’ అన్నారు.